అక్షరాల జాగా

తొమ్మిదికి రమ్మంటే ఎనిమిదికే వచ్చి కూర్చున్నాడు జ్ఞానరాజు. ముప్పై ఏళ్లు బోర్డులు రాసిన మనిషికి ఆ గుణం పోదు. గోడ దగ్గరికి గోడ సొంతదారు కంటే ముందు చేరాలి, ఎండ ఏ పక్కనుంచి పడుతోందో చూడాలి, అరచెయ్యి ఆనించి చెమ్మ ఉందో లేదో కనుక్కోవాలి, తర్వాతే ఎవరితోనైనా మాట. కర్నూలులో తొలి బస్సెక్కి బనగానపల్లెలో దిగి, అక్కడినుంచి షేర్ ఆటోలో పాలక్యాన్ల పక్కన ఇరుక్కుని, ఒళ్లో కాగితపు చుట్టను నలగనివ్వకుండా రెండు చేతులతో పట్టుకుని ఆరు కిలోమీటర్లు వచ్చాడు. "ఏమప్పా అది, మ్యాపా?" అని ఆటో అతను అడిగితే ఔనన్నాడు. కాదని చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మొత్తం చెప్పే ఓపిక ఈ రెండు నెలల్లో అయిపోయింది. ఆస్పత్రిలో చెప్పాడు, చర్చిలో చెప్పాడు, వీధిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు, ఐదు రోజుల జ్వరం, రక్తంలో కణాలు పడిపోయాయి, అంతే, అని. ఎన్నిసార్లు అంతే అన్నా అది అంతే కాలేదు. మళ్లీ పొద్దున లేచేసరికి మొదటినుంచీ ఉంటుంది.

గోడ ఎదురుగానే ఉంది. బడికి కొత్తగా కట్టిన గదుల తూర్పు గోడ. ఇరవై నాలుగడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు, రెండు పూతల తెల్లరంగు వేసి ఉంచారు. దానికి ఎదురుగా వేపచెట్టు కింద నాపరాయి అరుగు మీద అతను. ఈ గోడకు బొమ్మ వేస్తానని ఒప్పుకున్నది అతను కాదు, కూతురు ఆరాధన. ఒప్పుకుంది, వచ్చి కొలతలు తీసుకుంది, అడుగుకు అంగుళం లెక్కన గోడనంతా కాగితం మీదికి దించింది, గళ్లు గీసింది, ఏ గడిలో ఏ రంగో పక్కన సన్నగా రాసింది, ఆ తర్వాత పోయింది. ఇరవై నాలుగడుగుల గోడ, ఇరవై నాలుగేళ్ల పిల్ల. మొదట్లో ఇందులోనూ ఏదో ఉందనుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాడికి కనపడిన ప్రతి అంకె ఏదో చెప్పబోతున్నట్టే ఉంటుంది, బస్సు నంబరుతో సహా. ఆ వెర్రి తనకు పట్టిందని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన వదిలిపోతుందా. ఈ బడి పెద్దమేడం రామలక్ష్మమ్మ ఆరాధన నంబరుకే ఫోన్ చేసింది. ఆ ఫోన్‌కు జీవమ్మ ఇప్పటికీ రోజూ ఛార్జింగు పెడుతుంది. ఎందుకే అని అతను భార్యను అడగలేదు. "మీ పాప ఒప్పుకున్న పని సార్, మీకు వీలుకాకపోతే చెప్పండి, నేనేమీ అనుకోను" అంది మేడం. వీలవుతుందమ్మా అన్నాడు. బొమ్మంతా గీసిపెట్టింది, గోడ మీదికి ఎక్కించడమే కదా అన్నాడు. ఒక చోట ఖాళీ ఉంది, అక్కడ ఏం రావాలో మీకేమైనా చెప్పిందా అని అప్పుడే అడగాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అడిగితే అర నిమిషం పని. అడగలేదు. సోమవారం వచ్చి కూర్చుని మాట్లాడతానని పెట్టేశాడు.

చుట్ట విప్పి మోకాళ్ల మీద పరిచాడు. ఎన్నిసార్లు విప్పాడో, అంచులు మెత్తబడ్డాయి. ఎడమ చివర మామిడితోట, దాని ముందు నాపరాళ్లను నిలువుగా పాతి కట్టిన కంచె, ఈ పక్క ఊళ్లలో ప్రతి దొడ్డికీ ఉండే కంచె, దాని మీదికి కాళ్లెత్తి మేస్తున్న మేకలు, తర్వాత జొన్నచేను, చేనిగట్టు మీద పిల్లలు. పదిహేడుమంది. అందరూ వెనకనుంచే. రెండు జడలు, రిబ్బన్లు, నిక్కర్లోంచి బయటికొచ్చిన చొక్కాలు, ఒకడి మెడ మీద నూనె కారిన జాడ, అన్నీ వీపులే, ఒక్క ముఖం లేదు. ముఖాలు ఎందుకు లేవో అతనికి తెలుసు, ఆ సంగతి ఇప్పుడు వద్దు. పిల్లలంతా కుడివైపుకు పరుగు. చేతుల్లో పొడుగ్గా ఏవో పట్టుకున్నారు, చుట్టిన పుస్తకాలు కావచ్చు, ఇంత చిన్న కొలతలో తెలియడం లేదు. ఎక్కడికి పరుగు అంటే ఆ ఖాళీ దగ్గరికి. నాలుగు గళ్ల వెడల్పు, ఐదు గళ్ల ఎత్తు. అందులో పెన్సిలు చుక్క లేదు, అంకె లేదు, రంగు పేరు లేదు. మేక చెవి లోపలి రంగేమిటో కూడా రాసిపెట్టిన పిల్ల అక్కడ ఏమీ రాయలేదు. జీవమ్మ చూసి, "అది ప్రభువు జాగా అయ్యా. పిల్లోళ్లు ఇంగ యాడికి ఉరుకుతారు, ఆయన దగ్గిరికే గదా" అని కళ్లు తుడుచుకుంది. కడపలో బొమ్మల చదువు చదివిన నాలుగేళ్లూ హాస్టల్లో ఆరాధన పక్క మంచంలో ఉన్న శివాని వచ్చి చూసి, "టైము సాలలేదంకుల్, అంతే" అంది. ఇద్దరి మాటా అతనికి ఎక్కలేదు. టైము చాలక మిగిలిన ఖాళీకీ, కావాలని వదిలిన ఖాళీకీ తేడా తెలియదా తనకు? ఈ ఖాళీ అంచులు చూడు, నీలిమందు అద్దిన దారం లాగి కొట్టినంత తిన్నగా ఉన్నాయి.

పాతబస్టాండు వెనక సందులో అతనూ సుంకప్పా కలిసి నడిపిన అంగడిలో ఇలాంటి ఖాళీలు ఎన్ని చూడలేదు. సుంకప్పవి బొమ్మలు, ఇతనివి అక్షరాలు. సుంకప్ప వేసిన ఎద్దును చూసి రైతు ధర అడిగేవాడని చెప్పుకునేవారు, కొంత సుంకప్పే చెప్పించుకునేవాడు. ఇతనికి తలకట్టు జ్ఞానరాజని పేరు. క మీదో గ మీదో తలకట్టు పెట్టేటప్పుడు కుంచెను చివర్లో ఒక్క విదిలింపు విదిలిస్తాడు, అది చూసి ఇది జ్ఞానరాజు బోర్డు అని ఆదోనిలో కూడా గుర్తుపట్టేవాళ్లు. ఇద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉండేది. బొమ్మలవాడు ముందు తన పని చేసుకుని, అక్షరాల జాగా వదలాలి. ఆ జాగాలో పెన్సిలు మొన కూడా ఆనించకూడదు. ఇంత ఎత్తు రాయి, ఇన్ని వరసలు రాయి అని గుర్తు పెట్టాడంటే రాసేవాణ్ణి కూలివాడి కింద జమకట్టినట్టే. ఏమీ పెట్టకుండా, చుక్క లేకుండా, తెల్లగా వదిలేయడమే మర్యాద. ఐదేళ్ల ఆరాధన రాతబల్ల కింద కూర్చుని బొరుగులు తింటూ, మిగిలిన రంగు డబ్బాల్లో వేళ్లు ముంచుతూ ఇదంతా చూసేది. ఒకసారి సగం అయిన బోర్డు చూపించి, "ఈడ ఏం బొమ్మా ఎయ్యలేదేం మామా?" అని అడిగింది. సుంకప్ప కుంచె తుడుచుకుంటూ, "అది మీ నాయన జాగా పాపా" అన్నాడు. పదకొండు రోజుల కింద ఆ చుట్ట మొదటిసారి విప్పినప్పుడు అతనికి వినపడింది ఆ మాటే. అది మీ నాయన జాగా పాపా. ఆ రోజు నుంచీ మళ్లీ అన్నం రుచి తెలుస్తోంది. ఆ అంగడి రోజుల తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, అరగంటలో అచ్చయి వచ్చే మొహాలు, వాటి కింద యంత్రం రాసిన అక్షరాలు, సుంకప్ప మంగంపేట గనులకు వెళ్లి ముగ్గురాయి లారీలకు నంబర్లు వేసుకుంటున్నాడు, అంగడి ఉన్నచోట సెల్ ఫోన్ల రిపేరు. అది వేరే ఏడుపు. ఆ ఏడుపుకు అలవాటు పడ్డాడు.

వంటపాక తలుపు తెరుచుకుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే నాగలక్ష్మమ్మ చేటలో బియ్యం వేసుకుని వచ్చి గడప మీద కూర్చుంది. కాసేపు ఇతన్ని చూసింది.

"ఎవురి కోసమప్పా?"

"పెద్దమేడం కోసమమ్మా."

"వస్తాది కూసో. తొమ్మిదికల్లా స్కూటరేసుకోని వచ్చేస్తాది" అని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. బయట రోడ్డు మీద నాపరాళ్ల లారీ ఒకటి పోయింది, గోడ అదిరినట్టనిపించి అతను లేచి వెళ్లి అరచెయ్యి ఆనించాడు. గోడకేమీ కాలేదు. ఆరింది, గట్టిది, రంగును పట్టుకుంటుంది. గోడ దోషం ఎప్పుడూ ఉండదు, దాని ముందు నిలబడినవాడిదే. తాముండే కల్లూరు చర్చి ఆవరణలో సండేస్కూలు గోడ కూడా ఇంత మంచిదే. వద్దనుకున్న సంగతి కాళ్లకు అడ్డం పడనే పడింది. రెండేళ్ల కింద, చదువు ముగించుకుని కడప నుంచి వచ్చిన కొత్తలో ఆరాధన ఆ గోడకు పన్నెండు రోజులు బొమ్మ వేసింది. చాప మీద కూర్చుని కథ వింటున్న పిల్లలు. ఎర్రమట్టి రంగులు, నల్లరేగడి రంగులు, ఎక్కడా గీతన్నది లేదు, ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా పోతుంది, ముఖాలు దగ్గరికొస్తే ఉన్నాయి, దూరం పోతే లేవు. ఇతను రోడ్డు మీదికి వెళ్లి నిలబడి చూశాడు. ఏమీ కనపడలేదు. రోడ్డు మీదికి కనపడని బొమ్మ ఎవడికి? ముప్పై ఏళ్లు బస్సులో పోయేవాడి కళ్లకు అందేలా రాసిన చెయ్యి తనది. ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి గోడను తెరవబోతున్నారు, సంఘమంతా వస్తుంది, మొదటి గోడకే పిల్లకు చెడ్డపేరు వస్తుందని భయపడ్డాడు. శనివారం మధ్యాహ్నం ఆరాధన ఇంటికి అన్నానికి వెళ్లింది. ఇతను నల్ల ఎనామిలు డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. ఒక్కొక్క ముఖానికీ చుట్టూ నల్లగీత, కళ్లలో తెలుపు, పెదాలకు ఎరుపు. మూడు గంటల్లో ఇరవైరెండు ముఖాలు. చెయ్యి ఎక్కడా వణకలేదు. దిగి రోడ్డు మీదికి వెళ్లి చూసుకుంటే ఎంత బాగా కనపడ్డాయో.

ఆరాధన వచ్చింది, నిలబడింది, చూసింది. చాలాసేపు చూసింది. అతను తుడుపుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ పక్కనే నిలబడ్డాడు, మెప్పు కోసం, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, మెప్పు కోసమే నిలబడ్డాడు. "బాగుండాది నాయనా" అంది ఆరాధన. నవ్వింది కూడా. అరిచి ఉంటే బాగుండేది. డబ్బా తన్ని ఉంటే, నా బతుకు పాడుచేసినావు అని ఏడ్చి ఉంటే, అతను కూడా రెండు మాటలు అని, రాత్రికి అన్నాల దగ్గర రాజీ పడేవాళ్లు. బాగుండాది అంది. ఆదివారం సంఘమంతా మెచ్చుకుని తండ్రీబిడ్డలు కలిసి వేశారంట కదా అంటే ఔనంది. ఆ తర్వాత ఒక్క కాగితం అతనికి చూపించలేదు. అదేదో శపథం పట్టినట్టు కాదు. అన్నం పెట్టేది, బీపీ మాత్ర గుర్తుచేసేది, బండి తుడిచేది. బొమ్మలు మాత్రం శివాని వాళ్లింటికి వెళ్లి వేసుకునేది. అతను గదిలోకి వెళితే కాగితాన్ని బోర్లించేది, అదీ మెల్లగా, అతనికి తప్పుగా అనిపించకుండా. ఈ రెండేళ్లూ అతను అదేమిటో తెలియనట్టే తిరిగాడు. పెద్దపిల్లలు అంతేలే అనుకున్నాడు. ఆరాధన పోయిన నాలుగో రోజు జీవమ్మే చెప్పింది, ఆ శనివారం ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పండుకుందని, నాయనకు చెప్పొద్దు, బాధపడతాడు అని ఒట్టు వేయించుకుందని. ఎందుకు చెప్పిందో జీవమ్మ. కోపంతో చెప్పిందో, ఒక్కతే మోయలేక చెప్పిందో. ఆస్పత్రిలో మూడో రోజు కొంచెం తెలివిగా ఉన్నప్పుడు, "నా చుట్ట కింద పెట్టొద్దుమ్మా, చెమ్మ పట్టుకుంటాది" అంది ఆరాధన. జీవమ్మతో అంది. అతను రొట్టె పొట్లం పట్టుకుని అదే మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఒక్క మాట, నాయనా అని మొదలుపెట్టి ఏ మాటన్నా సరే, తిట్టయినా సరే. నాలుగో రోజు నుంచి మాటే లేదు.

కూతురు పోయాక అతని చేతినుంచి అక్షరం కూడా పోయింది. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు. కల్లూరు సమాధుల తోటలో ఏ రాయి చూసినా అతని రాతే, నాపరాయి మీద ఇతను రాసిస్తే చెక్కేవాడు ఆ గీతల వెంటే చెక్కుతాడు. కూతురి రాయిని మాత్రం పాలిష్ పట్టించి తెచ్చి ఇంటి గోడకు ఆనించి ఉంచాడు. సంఘపెద్ద రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. కుంచె ముంచుతాడు, రాయి ముందు కూర్చుంటాడు, ఆరాధన అన్న పేరులో మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. పలక మీద ఆ పిల్లకు ఆ అక్షరం దిద్దించింది తనే. ఎంత దిద్దించినా వంకరగానే రాసేది, నాయనా, నీయంత బాగా రాదులే, నువ్వే రాయి అనేది, చివరిదాకా ఆ పిల్ల రాత కోడిగీతలే, అందుకే అక్షరాలు ఎప్పుడూ ఇతనివే. అందుకే ఈ ఖాళీ. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చుట్ట విప్పిన రోజే సాయంత్రం పాత కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టాడు. ఏం రాయాలి అన్నది నాలుగు రోజులు పీడించింది. బడి పేరు రాద్దామా అంటే గేటు మీద ఉంది. బైబిలు వాక్యం రాద్దామా అంటే సర్కారు బడి, ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. పరుగెత్తే పిల్లలు దేని దగ్గరికి పరుగెత్తుతారు? అ ఆ ల దగ్గరికి. యాభై ఆరు అక్షరాలు, ఏడు వరసలు, వరసకు ఎనిమిది, నాలుగడుగుల వెడల్పులో కుదురుతాయి. ఌ, ౡ లను ఈ కాలం పుస్తకాల్లోంచి తీసేశారు, పెట్టాలా వద్దా అని ఇంకో రెండు రోజులు కొట్టుకున్నాడు, బండి ఱ ను మాత్రం వదిలేది లేదని జీవమ్మతో గట్టిగా అన్నాడు, ఆమె ఏమీ అనకపోయినా. అన్నిటి మధ్యా వస్తే ఆ అక్షరం కూడా వచ్చేసింది. ఆగలేదు చెయ్యి. అ తర్వాత ఆ, ఆ తర్వాత ఇ, దాటుకుని వెళ్లిపోయింది. వేరే కాగితం మీద రాసుకుని, ఆరాధన కాగితాన్ని ముట్టుకోకుండా, మడిచి సంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఈసారి అడిగి వేస్తాడు. ఈసారి పిలిచినచోటే వేస్తాడు.

పిలిచింది కదా. నోటితో పిలవలేకపోయింది, పనితో పిలిచింది. నా పక్కన నీకు జాగా ఉంది, రా నాయనా అంది. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఒక బొమ్మలోకి రానిస్తోంది. మేడం వస్తుంది, సార్ ఇక్కడ ఏం వస్తుంది అని అడుగుతుంది, అప్పుడు ఈ రెండో కాగితం తీసి ఆ ఖాళీ మీద పెట్టి చూపిస్తాడు, ఇది నా జాగా అమ్మా, నాకోసం వదిలింది అంటాడు. ఆ మాటను బస్సులో నాలుగైదుసార్లు లోపలే అని చూసుకున్నాడు. పిల్లలు ఒకరొకరే గేట్లోంచి వస్తున్నారు, సంచులు విసిరేసి ఆటలోకి దూకుతున్నారు. గోడమీద ఎండ సగం దాకా దిగింది. బాగానే ఉంది అంతా. అయినా లోపల ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది, ఇంత నమ్మకం ఉన్నవాడివి ఫోన్లో అర నిమిషం ఎందుకు అడగలేదురా అని. అడగనంతకాలం అది తనదే. అందుకని అడగలేదు. తనకు తెలుసు.

నాగలక్ష్మమ్మ చేట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని దగ్గరికి వచ్చింది. ఒళ్లోని కాగితాన్ని వంగి చూసి, "అయ్యో, ఇది ఆ పాప బొమ్మ గదప్పా! ఆరాధనమ్మది!" అంది. "సచ్చిపాయెనంట గదా. మేడం ప్రేయర్లో చెప్పె. శానా మంచి పాప, నాలుగు తూర్లు వచ్చె, ఇదో ఈ రాయి మీద్నే కూసోని గీసుకుంటా ఉండె." అతను కాగితాన్ని కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు, బాగా చూడనీ అని. ఆమె వేలు మామిడితోట మీదుగా, మేకల మీదుగా, పిల్లల మీదుగా వచ్చి ఖాళీ మీద ఆగింది.

"ఇదేనా నీళ్ల మిషను జాగా?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"అదేనప్పా, తాగే నీళ్ల మిషను. ఆడ పెడతారంట. సూడు, పైపు గూడ గోడెనక దాంకా వచ్చిండాది. ఆ పాపే టేపు పట్టి కొలిచె. మిషను ఎంత ఎత్తుంటాది మేడం, ఎంత వెడల్పుంటాది మేడం అని అడిగి రాసుకునె. పిల్లోళ్లంతా బాటిళ్లు పట్టుకోని నీళ్లకు ఉరికొస్తాండేట్ల వేస్తానక్కా అనె. మిషను పెట్టినంక సూడు, బొమ్మలో పిల్లోళ్లు నిజంగా నీళ్లకొచ్చినట్లే ఉంటాది అనె. మేడం శానా నవ్వె."

పిల్లల చేతుల్లో పొడుగ్గా ఉన్నవి నీళ్ల సీసాలు. ఎంత స్పష్టంగా ఉన్నాయి. మూతలు కూడా గీసింది, ఒకదానికి తాడు కూడా ఉంది, పదకొండు రోజులుగా పొద్దున సాయంత్రం చూసి, పుస్తకాలనుకున్నాడు. జీవమ్మకు ప్రభువు కనపడ్డాడు, అతనికి తనే కనపడ్డాడు. నాలుగడుగులు, ఐదడుగులు, మిషను కొలత. చుక్క లేదు, అంకె లేదు, ఎందుకుంటుంది, అక్కడ రంగు పడదు కదా. బొమ్మలో లోటేమీ లేదు. ఆరాధన పూర్తిచేసే వెళ్లింది. మెడ మీద నూనె జాడతో సహా అంతా వేసి, అన్నీ రాసి, చెమ్మ తగలకుండా చూడమని చెప్పి వెళ్లింది. అక్షరాలవాడితో పనిలేదు అందులో. అతని కోసం ఎక్కడా ఏమీ వదల్లేదు, కోపం కూడా వదల్లేదు, కోపమైనా వదిలి ఉంటే దాన్ని పట్టుకుని ఈ మిగిలిన బతుకు ఈడ్చేవాడు. సంచిలో మడిచి పెట్టిన కాగితం గుర్తొచ్చి, ఎవరైనా చూస్తారేమోనని సంచిని అరుగు కిందికి కాలితో నెట్టాడు. నీళ్లు అడుగుదామనుకుని మానుకున్నాడు.

ఇంక అడగకూడదు. ఇక్కడితో ఆపాలి, కాగితం చుట్టాలి, మేడం రాగానే పని మాట్లాడుకోవాలి. అంతా తెలిసి కూడా అడిగాడు. ఎక్కడో ఒక మూల, గోడమీద కాకపోతే మాటల్లోనైనా, ఏదో ఒకటి మిగిలి ఉంటుందని.

"ఇంట్లోవాళ్ల సంగతి ఏమన్నా చెప్తా ఉండెనామ్మా ఆ పాప?"

"వాళ్లమ్మ సంగతి శానా చెప్తా ఉండె. చింతచిగురు పప్పు బాగా చేస్తాదంట, ఒగసారి బాక్సులో తెచ్చి నాగ్గూడ పెట్టె." నాగలక్ష్మమ్మ నవ్వి, మళ్లీ నవ్వు ఆపుకుంది. "మీ నాయన ఏం పని చేస్తాడు పాపా అని నేనే అడిగితి ఒగనాడు. పలకల్యా. ఊరికే నవ్వె. నాయన లేడేమో, పాపం, అనవసరంగా అడిగితి అనుకుంటి. మళ్ల అడగల్యా."

ఆ నవ్వు అతనికి తెలుసు. నల్ల ఎనామిలు ఆరకముందే, తుడుపుగుడ్డ చేతిలో ఉండగా చూశాడు. చెడ్డమాట ఒక్కటి అనదు, ఎదుటివాడికి నొప్పి కలగనివ్వదు, తలుపు చప్పుడు కాకుండా వేసేసుకుంటుంది. ఈ అరుగు మీద కూర్చుని, ఈ వంటామెతో చింతచిగురు పప్పు పంచుకుంటూ, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర కూడా మా నాయన బోర్డులు రాస్తాడక్కా అన్న నాలుగు మాటలు ఖర్చుపెట్టలేదు. ఈ ఊళ్లో ఆరాధనకు నాయన లేడు. ఆ నాయన పోయి ఎన్నాళ్లయిందో ఈమె లెక్కలో. గేటు అవతల స్కూటర్ హారన్ వినపడింది, పిల్లలు ఆట ఆపి, మేడం, మేడం అంటూ గేటు తీయడానికి పరుగెత్తారు. ఇంకో రెండు నిమిషాల్లో మేడం బండి దిగి, సార్ వచ్చి చాలాసేపయిందా అని, మన ఆరాధన వాళ్ల నాన్నగారు అని అందరికీ చెప్పేస్తుంది. నాగలక్ష్మమ్మ కాగితం వదిలి అతని ముఖంలోకి పరీక్షగా చూస్తోంది, ముక్కునో నుదుటినో ఎవరితోనో పోల్చుకుంటున్నట్టు.

"అవునూ, నువ్వేమైతావప్పా ఆ పాపకు?"

జ్ఞానరాజు కాగితాన్ని కుడిచివర నుంచి చుట్టుకుంటూ వచ్చాడు. మేకల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి, మళ్లీ చుట్టాడు.

"ఏం కానమ్మా" అన్నాడు. "గోడ పనికొచ్చినా."

స్కూటర్ గేటు దాటి లోపలికి వచ్చింది.